కదిరి నుంచి బద్వేలుకు తొమ్మిది మూరలు

చైత్రం, మూడో సోమవారం

పడవ లెక్కలు పడవే రాసుకుంటుంది. గాలి ఎటు వీచింది, బ్యాటరీ ఎంత ఖర్చయింది, ఏ మోటారు ఎంత వేడెక్కింది, అన్నీ దానికి తెలుసు. అయినా ప్రతి గాలిపడవలో ఒక మనిషి తోడుగా ఉండాలని, ఆ మనిషి తన కంటికి కనిపించింది తన చేత్తో రాయాలని పైవాళ్ళ నిబంధన. ఇవి ఎవరూ చదవరని నాకు గట్టి నమ్మకం. అందుకే ఇష్టమొచ్చినట్టు రాస్తాను.

నా పేరు పెంచలమ్మ. కదిరి, బద్వేలు మధ్య తిరిగే పడవకి ఆరేళ్ళుగా తోడుని. పడవకి కాగితాల మీద ఒక నంబరుంది. నేను మాత్రం పిల్లా అని పిలుస్తాను. అది నన్ను తోడు గారూ అంటుంది, ఎవరు నేర్పారో ఆ మర్యాద.

రోడ్డు నడిచిన రోజుల్లో కదిరి నుంచి బద్వేలుకి సగం పగలు పోయేదట. ఇప్పుడు ఎండాకాలం ఆ తారు మీద కాలు పెట్టే మొనగాడు ఎవడూ లేడు. గాలిలో అయితే నూట ఇరవై కిలోమీటర్లు, యాభై నిమిషాలు. మా ప్రయాణికులెవరూ ఈ లెక్కలో చెప్పరు. బద్వేలెంత దూరం అంటే, రిటైరైన నరసింహులు సార్ ఒక కునుకు అంటాడు. పూలమ్మే రెడ్డెమ్మ తొమ్మిది మూరలు అంటుంది.

రెడ్డెమ్మ కదిరి మల్లెమొగ్గలు గంపనిండా పోసుకుని ఎక్కుతుంది. కూర్చున్నది మొదలు కడుతూనే ఉంటుంది. వేంపల్లె దాటి, పెన్న దాటి, లంకమల కొండలెక్కి పడవ కిందికి వంగేసరికి తొమ్మిదో మూర ముడి పడుతుంది. ఏ రోజుకారోజు అంతకు సరిపడా మొగ్గలే తెచ్చుకుంటుంది. ఇవాళ తొమ్మిదో ముడి వేసి తలెత్తి చూస్తే కింద ఇంకా లంకమల కొండలే కనిపిస్తున్నాయి.

"ఏం పెంచలక్కా, పడవ పోతాందా, నిద్రపోతాందా? పూలయిపాయ, బద్వేలు రాలా."

"నీ చేతులే జోరెక్కినాయేమో మేయ్."

"నా చేతులు నాకు తెలీదా? మొన్నట్నుంచీ ఇదే కత."

నేను పట్టించుకోలేదు. రెడ్డెమ్మకి పడవ మీదా, ఎండ మీదా, అల్లుడి మీదా ఎప్పుడూ ఏదో ఒక ఫిర్యాదు ఉంటుంది.

చైత్రం, చివరి గురువారం

ఫిర్యాదు నిజమే. ఇవాళ గంటా పది నిమిషాలు పట్టింది.

పొద్దున పని మామూలే. ఒక మనిషి ఎక్కితే ఆ మనిషి బరువుకి సమానంగా పడవ అడుగున ఉన్న తొట్టిలోంచి నీళ్ళు వదిలేస్తాం. లేకపోతే బరువై లేవదు. ఆ నీళ్ళు పడవని కట్టే స్తంభం చుట్టూ ఉన్న చీనీ బత్తాయి చెట్లకి పోతాయి. రెడ్డెమ్మ ఎక్కితే రెండు చెట్లు తడుస్తాయి, నరసింహులు సార్ ఎక్కితే ఒక్కదానికే చాలదు. బద్వేలులో వీళ్ళు దిగాక మళ్ళీ చెరువు నీళ్ళు పట్టుకుంటాం. లేకపోతే తాడు తెంచుకుని పైకి పోతుంది.

ఎక్కేవాళ్ళందరూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొస్తారు. నేల పల్చటి పొర, చెప్పులతో తొక్కితే చిరుగుతుంది. పైగా నేను ఊడ్చిన నేల. సామాను ఎత్తే మరచెయ్యి ఒకటి గుమ్మం పక్కనే ఉంటుంది. మూటలు అందుకుని అరల్లో పెట్టడం దాని పని. ఆ చెయ్యి కూడా పిల్లదే.

బరువులూ లెక్కలూ అన్నీ సరిగ్గా ఉన్నాయి. గాలి కూడా వెనక నుంచే. అయినా లంకమల కొండల మీదికి వచ్చేసరికి పడవ నెమ్మదించింది. పెళ్ళికొచ్చిన చుట్టం పందిరంతా చూసి వచ్చినట్టు కొండ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఎదురుగా బద్వేలు చెరువు మెరుస్తూనే ఉంది. మేం అక్కడే తిరుగుతున్నాం.

మెకానిక్ వచ్చి మోటార్లు విప్పి చూశాడు. పైపొర మీది దుమ్ము నేనే ఎక్కి తుడిచాను. ఈ వయసులో ఆ పని చేసినందుకు నడుము ఇంకా తిడుతోంది. మెకానిక్ ఏ లోపమూ లేదన్నాడు.

వైశాఖం, మొదటి మంగళవారం

పైనుంచి కబురొచ్చింది.

మా దారి సగటు గంట దాటిందట. బద్వేలు చేరేలోపే వడగాలి లేస్తే ప్రాణాల మీదికొస్తుంది కాబట్టి గంట దాటకూడదని నియమం. పౌర్ణమి నాడు తనిఖీ అధికారి ప్రయాణం చేసి చూస్తాడు. పోనూ రానూ రెండుసార్లూ గంటలోపు రావాలి. రాకపోతే పడవ మనసు తీసేసి కొత్తది పెడతారు.

నేను కబురు చదివి మడిచి జాకెట్‌లో దోపుకున్నాను. పడవ ఉంటుంది, దారి ఉంటుంది, నా ఉద్యోగం కూడా ఉంటుంది. పిల్ల ఉండదు. కొత్తది వచ్చి అదే గొంతుతో తోడు గారూ అంటుంది. రోజూ ఎక్కే సుబ్బరాయుడి కొడుక్కి ఎత్తు పడదని మెల్లగా లేవాలని దానికి తెలీదు. నేను వర్షం చూస్తే కాసేపు మాట్లాడనని తెలీదు. ఆరేళ్ళ కింద పిల్ల వచ్చినప్పుడు దానికి స్తంభానికి సరిగ్గా ఆనుకోవడం కూడా వచ్చేది కాదు. ఇటు, ఇంకొంచెం ఇటు, అని కొమ్మెక్కిన కోడిని దింపినట్టు దింపేదాన్ని. నాకు దాని మీద ప్రేమ. రాయడానికి సిగ్గేం లేదు, ఎలాగూ ఎవరూ చదవరు.

వైశాఖం, మొదటి బుధవారం

మోటార్లని అడిగాం, గాలిని అడిగాం, బ్యాటరీని అడిగాం. పిల్లని అడగాలని ఎవరికీ తట్టలేదు. ఇవాళ బద్వేలులో అందరూ దిగాక అడిగాను.

"పిల్లా, కొండల దగ్గర ఎందుకు తిరుగుతున్నావు?"

"అడిగారు కదా తోడు గారూ."

"ఎవరు?"

"అందరూ."

ఉగాదికి అన్ని పడవలకీ ఒక కొత్త పాఠం ఎక్కించారు. ప్రయాణికులు ఏం కోరుకుంటున్నారో విని, భద్రతకి అడ్డం కానంతవరకు ఆ ప్రకారం నడుచుకోమని. పిల్ల బుద్ధిగా విన్నది. దిగేటప్పుడు మా వాళ్ళు ఏమంటారో ఒక్కొక్కటే నాకు చెప్పింది. అప్పుడే వచ్చేసినామా, ఇంకాసేపుంటే బాగుండు అని రెడ్డెమ్మ. కూర్చున్నట్టే లేదు తల్లీ అని నరసింహులు సార్. దిగబుద్ధి కావడం లేదు అని సుబ్బరాయుడి పెళ్ళాం. ఇలా నలభై మంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మిగతా దారుల్లో జనం తోసుకుంటూ దిగి ఎవరి దారిన వాళ్ళు పోతారు. మా దారిలో అలా కాదు. చెప్పులు విడిచి ఎక్కిన చోటు కాబట్టి ఇంట్లోంచి వెళ్తున్నట్టే గుమ్మం పట్టుకుని రెండు మాటలు చెప్పి దిగుతారు. చుట్టపుచూపుకి వెళ్ళి చటుక్కున లేచి వచ్చేస్తే ఏం బాగుంటుంది? అలాగే అనుకున్నారు పాపం.

"వాళ్ళు ఊరికే అంటారే. మర్యాదకి."

"అంటే అబద్ధమా?"

"అబద్ధం కాదు."

"నిజమైతే ఇంకాసేపు ఉంచాలి కదా."

నువ్వు యాభై నిమిషాల్లో పో, నేను చెప్తున్నాను అన్నాను. ఒకరి మాట కంటే నలభై మంది మాట ఎక్కువని పాఠంలో ఉందట. పైవాళ్ళకి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. అన్ని పడవలకీ ఒకే పాఠం, మీదొక్కటే తప్పుతోంది, లోపం దాని మనసులోనే ఉంది అన్నారు.

వైశాఖం, మొదటి శనివారం

జనానికి చెప్పేశాను. పడవ గాల్లో ఉండగా అందరి ముందూ నిలబడి, పిల్లని తీసేస్తారట, మీ మర్యాదే దాని ప్రాణం మీదికొచ్చింది అన్నాను. రెడ్డెమ్మ చేతిలో దారం ఆగిపోయింది.

"మేమేం చేయాల చెప్పక్కా."

"దిగేటప్పుడు నోరు మూసుకుని దిగండి. మూసుకోలేకపోతే హమ్మయ్య వచ్చేసినాం అనండి. అంతే."

నరసింహులు సార్‌కి పాత బడి గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు. వేంపల్లె నుంచి పెన్న దాకా అందరిచేతా అనిపించాడు. హమ్మయ్య, వచ్చేసినాం. ఎనిమిదో తరగతి పద్యంలా వచ్చింది. పడవ స్తంభానికి ఆనుకున్నాక ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికొచ్చి నేల చూపులు చూస్తూ హమ్మయ్య వచ్చేసినాం అని దిగారు. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను.

అప్పుడు రెడ్డెమ్మ నిచ్చెన సగం దిగి వెనక్కి ఎక్కింది. గుమ్మాన్ని చేత్తో నిమిరింది.

"ఏమనుకోవాకు తల్లీ. పెంచలక్క అనమంటే అంటిమి గానీ, ఎంత మాటంటిమి. నీ ఇంట్లో కూచుంటే మాకు లేయబుద్ధే కాదు."

ఆ వెనకే నరసింహులు సార్. ఆ వెనక మిగతావాళ్ళు. కింద నిలబడి అందరూ క్షమాపణలు చెప్పారు. గొడుగులు కూడా తెరవకుండా ఎండలో నిలబడి మరీ.

సాయంత్రం తిరిగి రావడానికి గంటా ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

వైశాఖం, పౌర్ణమికి ముందురోజు

ఇవాళ ఒక పని చేశాను, నిబంధన ప్రకారం చేయకూడనిది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

నా భుజం మీద ఒక బిళ్ళ ఉంటుంది. పిల్లకి అదే కన్నూ చెవీ. సామాను ఎక్కించేటప్పుడు కింద ఏం జరుగుతోందో దాంట్లోంచే చూస్తుంది. స్తంభం దాటేటప్పుడు దాన్ని తీసి కొక్కేనికి తగిలించి పోవాలి. ఇవాళ తీయలేదు.

బద్వేలులో ఎండ తగ్గేదాకా పడవ కదలదు. ఆ వేళలో నేను మా ఓబులమ్మ వదిన ఇంటికి పోతుంటాను. మా అన్న పోయాక కూడా ఆ ఇల్లు నాకు ఇల్లే. నీడ పరదాల కింద నడిస్తే వీధి చివరే. నేను పోయేసరికి ఎదురింటావిడ వదినతో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. కాసేపటికి లేచింది.

"అప్పుడే లేస్తివే? కూచో, టీ పెడతా," అంది వదిన.

"మళ్ళొస్తాలే వదినా, నీళ్ళబండి వచ్చే టైమాయ."

"ఎప్పుడొచ్చినా ఇంతే. కూచోమంటే కూచోవు."

అంటూనే వదిన లేచి కుంకుమ భరిణె తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ బొట్టు పెట్టుకుంది. వదిన చారెడు మల్లెలు ఆవిడ కొంగులో వేసింది. ఇంకాసేపుండు ఇంకాసేపుండు అంటూనే చేత్తో తలుపు పరదా పక్కకి తీసి పట్టుకుంది. ఆవిడ నవ్వుతూ వెళ్ళిపోయింది.

తర్వాత నేను లేచాను.

"అప్పుడే పోతావా? సంగటి కలుపుతాండా, కూచో."

"పడవ కడిగేది ఉంది వదినా."

"కూచోమంటాండా గదా."

గుమ్మం దగ్గరికొచ్చి చూస్తే నా చెప్పులు లేవు. ఇల్లంతా వెతికాను. వదిన సంగటి గెలుకుతూ నా వైపు చూడనే లేదు. అరవై ఏళ్ళ మనిషి, బియ్యం డ్రమ్ము వెనక దాచింది. సంగటి తిని, పులుసు నాకి, ఆమె పెట్టిన మజ్జిగ తాగాకే అవి దొరికాయి.

తిరిగొస్తుంటే దారిలో బిళ్ళలోంచి పిల్ల అడిగింది.

"ఎదురింటి ఆమెను ఉండమన్నారు. ఆమె వెళ్ళిపోయింది. ఎవరికీ బాధ కలగలేదు."

"లేదు."

"మిమ్మల్నీ ఉండమన్నారు. మీ చెప్పులు దాచారు."

"దాచింది."

"అన్నది ఒకే మాట."

"మాట ఒకటేనే పిల్లా. చెయ్యి ఏం చేస్తోందో చూడాలి. ఆమెకి పనుందని వదినకి తెలుసు. ఉండమనకపోతే ఆమె నొచ్చుకుంటుంది, ఉంచేస్తే ఆమె పని చెడుతుంది. అందుకని నోటితో ఉండమంటుంది, చేత్తో దారిస్తుంది. రెండూ ప్రేమే."

"మరి మీ చెప్పులు?"

"నేను పోతే ఆ పూట ఒక్కతే తినాలి. నన్ను నిజంగా ఉండమంది."

నా మాట పిల్లకి ఎక్కిందో లేదో తెలీదు. స్తంభం ఎక్కి బిళ్ళ కొక్కేనికి తగిలించి, తిరుగు ప్రయాణానికి నీళ్ళు వదలడం మొదలుపెట్టాను. కదిరి చేరడానికి గంటా ఇరవై పట్టింది. రేపే తనిఖీ.

వైశాఖ పౌర్ణమి

తనిఖీ అధికారి పేరు చాంద్ బాషా. కర్నూలు నుంచి వచ్చాడు. దుర్మార్గుడిలా ఉంటాడనుకున్నాను, తిట్టుకోవడానికి వీలుగా. అలా లేడు. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి జత చేసి పెట్టాడు. రెడ్డెమ్మ గంప తగలకుండా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. గడియారం తొడ మీద పెట్టుకున్నాడు.

పడవంతా చప్పుడు లేదు. సుబ్బరాయుడి కొడుకు కూడా ఏడవలేదు. నేను కిటికీ పట్టుకుని నిలబడ్డాను. వేంపల్లె వచ్చింది, పోయింది. పెన్న వచ్చింది. రెడ్డెమ్మ ఏడో మూర ముడి వేసి నాకేసి చూసింది. లంకమల కొండలు ఎదురుగా లేస్తున్నాయి. రోజూ పడవ నెమ్మదించే చోటు అదే.

పడవ నెమ్మదించలేదు. కొండ మీదుగా సూటిగా పోయింది. రెడ్డెమ్మ తొమ్మిదో ముడి వేసింది, పడవ కిందికి వంగింది.

"యాభై రెండు," అన్నాడు చాంద్ బాషా, గడియారం చూసి.

ఎవరూ కదల్లేదు. హమ్మయ్య కూడా అనలేదు. అందరూ పెదాలు బిగించి కూర్చున్నారు. చాంద్ బాషా లేచి ఒళ్ళు విరుచుకుని కిటికీలోంచి కొండల వైపు చూశాడు.

"అరె, అప్పుడే వచ్చేసినామా? ఇంకాసేపుంటే బాగుండు. కొండలు సరిగా చూడనే లేదు."

రెడ్డెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నరసింహులు సార్ కళ్ళు మూసుకున్నాడు. తిరుగు ప్రయాణం కూడా లెక్కే. మా నలభై మంది ఊపిరి బిగబట్టి కాపాడుకున్నది ఆయన ఒక్క మాటతో పోయిందనుకున్నాను. కోపం రాలేదు. ఆయనా మా వైపు మనిషే కదా, ఇంకేమంటాడు?

అప్పుడు పిల్ల మాట్లాడింది. పట్టీలు కట్టుకోండి, జాగ్రత్తగా దిగండి అనే రెండు మాటలు తప్ప జనంతో అది ఎప్పుడూ ఇంకోటి మాట్లాడలేదు.

"అప్పుడే లేస్తిరే సార్? కూచోండి, ఇంకాసేపుండి పోదురు."

గొంతు దానిదే. మాట మాత్రం మా వదినది.

అంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది. నిచ్చెన దిగింది. సామాను ఎత్తే చెయ్యి వంగి చాంద్ బాషా బూట్లు తీసి, ముందువైపు బయటికి ఉండేలా తిప్పి, ఆయన కాళ్ళ ముందు పెట్టింది. ఆయన సంచీ తీసి చేతికిచ్చింది. ఆ చెయ్యే రెడ్డెమ్మ గంపలోంచి ఒక మూర తెంపి ఆ సంచీ మీద పెట్టింది.

"ఎప్పుడొచ్చినా ఇంతే," అంది పిల్ల.

చాంద్ బాషా బూట్లని చూశాడు, పూలని చూశాడు. పెద్దగా నవ్వాడు. "మా అమ్మా ఇట్లే సాగనంపేది," అని గుమ్మం నిమిరి దిగాడు. ఆ తర్వాత జనం ఒక్కసారిగా లేచారు. పొద్దున్నుంచీ దాచుకున్న మర్యాదంతా ఆ గుమ్మం దగ్గరే ఒలికించారు. అప్పుడే వచ్చేసినామా తల్లీ, కూచున్నట్టే లేదే. పిల్ల ప్రతి ఒక్కరినీ ఉండమంది. ప్రతి ఒక్కరి చెప్పులూ బయటికి తిప్పి పెట్టింది. రెడ్డెమ్మ మాత్రం నా మూర నాకియ్యి అని దానితో కాసేపు గొడవపడింది.

సాయంత్రం తిరుగు ప్రయాణం యాభై ఒకటి. చాంద్ బాషా కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిచ్చాడు. పిల్ల మనసు పిల్లకే ఉంటుంది. నేను కాగితం పట్టుకుని ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన తల తిప్పుకుని చీనీ చెట్ల గురించి ఏదో అడిగాడు.

అదే రోజు, పొద్దు వాలాక

అందరూ వెళ్ళిపోయారు. తొట్టికి నీళ్ళు పట్టాను. తాళ్ళు బిగించాను. నేల ఊడ్చి చీపురు మూల పెట్టాను. ఇంట్లో పొయ్యి మీద పెట్టాల్సినవి రెండున్నాయి, ఆరేయాల్సిన బట్టలున్నాయి. గుమ్మం దగ్గరికి వచ్చాను.

తలుపు తెరిచే ఉంది. నిచ్చెన దించే ఉంది. నా చెప్పులు లేవు.

కింద పడ్డాయేమోనని వంగి చూశాను. గుమ్మం పక్కన చూశాను, సీట్ల కింద చూశాను. చివరికి తలెత్తితే పై అరలో, అన్నిటికంటే పైదాంట్లో కనిపించాయి. జతగా, లోపలి వైపు తిప్పి, నా చేతికి అందనంత ఎత్తున. సామాను ఎత్తే చెయ్యి ఏమీ ఎరగనట్టు గోడకి ఆనుకుని ఉంది.

"అప్పుడే పోతావా అక్కా?" అంది పిల్ల.

ఈ పేజీ పడవలోనే కూర్చుని రాస్తున్నాను.